నడుము కాదు, సీటు

“పెడల్ ఎక్కడ పెట్టారండీ?”

భర్త టీలో బ్రెడ్డు ముక్క ముంచి, అది నానేదాకా మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

“మిమ్మల్నే. మిషన్ కింద పెడల్ లేదు, దాని వైరూ లేదు. ఎలుకలు ఎత్తుకుపోయాయా?”

“నేనే తీశాను. సోమవారం ఆపరేషన్ పెట్టుకుని శనివారం మిషనెక్కుతానంటే చూస్తూ ఊరుకోమంటావా? డాక్టరు కూర్చోవద్దన్నాడా లేదా?”

“ఇంకా మూడు ప్యాంట్లు మిగిలాయి. ఇవాళ ఆ ఫిజియో అమ్మాయి ట్రయల్‌కి వస్తుంది. ఏం చెప్పమంటారు? మా ఆయన కరెంటు పీకేశాడని చెప్పనా?”

“చెప్పు. తప్పేముంది?”

చెడిపోయిన దేనికైనా ముందు కరెంటు తీసెయ్యాలన్నది లిఫ్టులు బాగుచేసే ఆ మనిషి ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్న మొదటి పాఠం. మిగతా పాఠాల సంగతి ఎలా ఉన్నా, దీన్ని మాత్రం ఇంట్లో కూడా తు.చ. తప్పకుండా పాటిస్తాడు.

వీధంతా టైలరమ్మ అని పిలిచే అతని భార్య కిటికీ పక్కన నిలబడే టీ తాగుతోంది. ఆరు నెలలుగా ఆ ఇంట్లో ఆమె కూర్చుని తిన్న పూట లేదు. కూర్చున్న పది నిమిషాలకి కుడివైపు నిప్పు రాజుకుంటుంది. తొడ వెనకనుంచి పిక్కదాకా పాకుతుంది. లేచి వీధి చివరిదాకా నడిచొస్తే సద్దుమణుగుతుంది. మళ్ళీ కూర్చుంటే మళ్ళీ మామూలే. టైలరు కూర్చోలేకపోతే ఇంకేం టైలరు? ఆ ఉక్రోషమంతా ఇప్పుడు చేతిలోని గ్లాసు మీద చూపిస్తోంది. కిటికీ గట్టు మీద ఠప్పున పెట్టింది.

“ఏమంటోంది కోడలు?” అన్నాడు మూలనున్న పడక్కుర్చీలోంచి మామగారు.

“పెడల్ గురించి నాన్నా!”

“మెడలా? నడుమన్నారుగా, మెడల్లోకి ఎప్పుడు పాకింది?”

“మెడ కాదు నాన్నా, పెడల్! పె-డల్!”

“అరవకురా, వినపడుతూనే ఉంది.”

నలభై ఏళ్ళు బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయించిన మనిషాయన. డ్రమ్ము ఆ ఇంటికి తిండి పెట్టి, ఆయన చెవులు పట్టుకుపోయింది. దాంతో ఆ ఇంట్లో గుసగుస అన్నది ఎవరికీ అలవాటు లేకుండా పోయింది. ఏ రహస్యమైనా ఆయనకి తెలియాలంటే ముందు పక్కింటివాళ్ళకి తెలియాల్సిందే.

గుమ్మంలో బూట్లు విడిచిన చప్పుడైంది. భర్త అక్క వచ్చింది. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. భుజాన సంచి, చేతిలో రాసుకొచ్చిన కాగితం. ఆమె కాగితం లేకుండా ఎక్కడికీ వెళ్ళదు.

“వదులు బట్టలు రెండు జతలు. వెనక గట్టిగా ఉండే చెప్పులు. పాత రిపోర్టులన్నీ. గోళ్ళకి రంగుంటే తీసెయ్యి. సోమవారం ఉదయం ఆరింటికల్లా అక్కడుండాలి. మొదటి కేసు నీదే,” అంది ఒక్కొక్కదానికీ టిక్కు పెడుతూ.

“వదినా, ఒక్కమాట.”

“చెప్పు.”

“నడిస్తే తగ్గిపోయే నొప్పికి నడుం కొయ్యడమేంటంటారు?”

“కొయ్యడం కాదమ్మా. చిన్న రంధ్రం పెడతారు, అంతే.”

“చిన్నదో పెద్దదో, రంధ్రం నాకేగా.”

వదిన పెన్ను మూత పెట్టింది. ఆమె పెన్ను మూత పెట్టిందంటే ఇక సహనం కూడా మూతపడుతున్నట్టే.

“స్కాన్‌లో డిస్కు ఉబ్బి ఉంది. నా కళ్ళతో చూశాను. మందులయ్యాయి, బెల్టయింది, వేడి కాపడాలయ్యాయి. తగ్గలేదు. ఇంకేం చెయ్యమంటావు వాళ్ళని? రెండు నెలలదాకా డేట్లు లేని మనిషిని బతిమాలి, ఎవరిదో కేసు ఆగిపోతే ఆ ఖాళీలో నీ పేరు రాయించాను. నా మొహం చూసి ఒప్పుకున్నాడాయన.”

“మీరు చేసింది కాదనడం లేదు వదినా. కానీ నొప్పి అసలు నడుం దగ్గర...”

అక్కడ ఆగిపోయింది. భర్త గ్లాసులోంచి తలెత్తాడు. మామగారు చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని ముందుకి వంగాడు.

“నడుం దగ్గర ఏంటి?” అంది వదిన.

“ఏం లేదు.”

“ఏం లేకపోతే మరి భయం దేనికి? సాయంత్రం డ్యూటీ దిగాక వస్తాను. ఆ మూడు ప్యాంట్లూ ఎవరికైనా ఇచ్చి కుట్టించు.”

వదిన వెళ్ళిపోయింది. వెనకే భర్త కూడా పనిముట్ల పెట్టె పట్టుకుని డ్యూటీకి బయలుదేరాడు. పెడల్ ఆ పెట్టెలోనే ఉందని పెట్టె బరువు చూస్తేనే తెలుస్తోంది. టైలరమ్మ అడగలేదు. అడిగితే ఏడుస్తానేమోనని భయం వేసింది.

*

ముందుగదే ఆమె షాపు. గోడవారన మిషన్, మధ్యలో మనిషి పడుకునేంత పొడవున్న కటింగ్ బల్ల, దాని మీద సుద్దముక్కలు, పెద్ద కత్తెర, భుజం మీద వేసుకుంటే తప్ప ఎప్పుడూ దొరకని టేపు. బల్లకి ఆనుకుని నిలబడి ప్యాంటు అంచు చేత్తో కుడుతోంది. మిషన్ మీద రెండు నిమిషాల పని చేత్తో ఇరవై నిమిషాలు పడుతోంది. కుట్టు కుట్టుకీ ఒక తిట్టు పడుతోంది. కొన్ని భర్తకి, కొన్ని తనకి.

తనకెందుకంటే, నొప్పి మొదలైన వారమే అది ఎక్కడో భర్తకి చూపించింది. చెయ్యి వేసి మరీ చూపించింది. అతను నొక్కి చూశాడు కూడా. “అక్కతో చెప్తాను” అన్నాడు. తీరా ఆసుపత్రికి బయలుదేరే రోజున, “అక్క ముందు, నాన్న ముందు ఆ మాటేం బాగుంటుంది? నడుమని చెప్పు చాలు. డాక్టరుకి అదే అర్థమవుతుందిలే” అన్నాడు.

ఆమెకీ అదే నయమనిపించింది. ఒక పక్కన వదిన, ఇంకో పక్కన భర్త, ఎదురుగా కంప్యూటర్ వైపు చూస్తున్న పెద్ద డాక్టరు. ఆయన “ఎక్కడ?” అనగానే “నడుమండీ” అంది. పిర్ర అనడానికి నోరు రాలేదు. వంగమంటే వంగింది. కాలెత్తమంటే ఎత్తింది. తొడ వెనక లాగిందంటే ఆయన తలూపాడు. రెండోసారి వెళ్ళినప్పుడు ధైర్యం చేసి “కొంచెం కిందకండీ” అంది. “నరం కదమ్మా, కిందకే పాకుతుంది” అన్నాడాయన. ఇంకేమంటుంది?

ఆ ఒక్క మాటతో నడుముకి స్కాన్ తీశారు. నడుముకి బెల్టు కట్టారు. నడుముకి వేడినీళ్ళ సంచి పెట్టారు. ఏ పాపమూ ఎరగని నడుము ఆరు నెలలు శిక్ష అనుభవించింది. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పడానికి పెద్దలు ఒక సామెత కనిపెట్టారు. ఆ సామెత కూడా ఆ ఇంట్లో ఎవరూ పూర్తిగా చెప్పరు.

పదకొండింటికి ఫిజియో అమ్మాయి వచ్చింది. రెండు వీధుల అవతల కీళ్ళకీ కండరాలకీ వ్యాయామాలు చేయించే సెంటర్లో పని. అక్కడి ఎనిమిదిమందికీ యూనిఫారం ప్యాంట్లు టైలరమ్మే కుడుతోంది. పరదా వెనక ప్యాంటు మార్చుకుని వచ్చి ఒకసారి గొంతుక్కూర్చుని లేచింది.

“సీటు పట్టేస్తోందక్కా. పేషెంట్ల ముందు వంగినప్పుడు చిరిగితే నా పరువు పోతుంది.”

“నీ పరువు కాదమ్మా, నా పరువు. ఇటు తిరుగు.” టైలరమ్మ టేపు తీసింది. “నడుము ముప్పై, సరిపోయింది. సీటు ముప్పై తొమ్మిది. మొన్న ముప్పై ఎనిమిదే రాసుకున్నాను. సీటు విప్పి అంగుళం వదుల్తాను. తొడ బాగానే ఉంది.”

ముప్పై ఏళ్ళుగా రోజుకి పదిసార్లు అనే మాట అది. సీటు వదులుగానా, పట్టినట్టా అని ఆఫీసర్లనీ అడిగింది, వాళ్ళ పెళ్ళాలనీ అడిగింది. ఎవరూ సిగ్గుపడలేదు, ఆమె కూడా సిగ్గుపడలేదు.

అంచుకి పిన్నులు పెట్టడానికి స్టూలు మీద కూర్చుంది. కుడివైపు ఎత్తి, బరువంతా ఎడమ పక్కకి వేసి, అంచుమీద కూర్చుంది. ఫిజియో అమ్మాయి పైనుంచి చూస్తూనే ఉంది.

“అదేంటక్కా, అలా ఒక పక్కకే కూర్చుంటున్నారు?”

“నడుం నొప్పిలే. సోమవారం ఆపరేషన్.”

“ఆపరేషనా! ఎక్కడ నొప్పి, చూపించండి.”

టైలరమ్మ లేచి నిలబడింది. నోరు కట్టేసుకోవడం నేర్చుకుంది కానీ చేతికి ఆ విద్య రాలేదు. అది సరాసరి వెనక జేబు ఉండే చోటికి వెళ్ళింది.

“అది నడుం కాదుగా అక్కా.”

“అదే... నడుమే. కొంచెం కింద.”

“కొంచెం కాదు, జానెడు కింద. దాన్నేమంటారు?”

టైలరమ్మ మొహం వేడెక్కింది. లోపలి గది తలుపు తెరిచే ఉంది. పడక్కుర్చీ కిర్రుమంది.

ఆ అమ్మాయి నవ్వలేదు, వెటకారం చెయ్యలేదు. “ఇందాక నన్ను కొలిచారు కదా. నడుం అయ్యాక ఏం చెప్పారు?” అంది మెల్లగా.

“సీటు,” అంది టైలరమ్మ.

అంతే, తూము తెరిచినట్టు మాటలు వచ్చేశాయి.

“సీటే! సీట్లోనే నొప్పి. కుడివైపు. మధ్యలో, బాగా లోతుగా. వెనక జేబు కుడతాం చూడు, సరిగ్గా ఆ జేబు అడుగు కుట్టు దగ్గర. అక్కణ్ణించి తొడ కుట్టు వెంబడి కిందకి దిగుతుంది. నడుం పట్టీ దగ్గర ఏమీ లేదు. ఎప్పుడూ లేదు!”

ఆరు నెలల్లో మొదటిసారి తన నొప్పికి కొలతలతో సహా చిరునామా చెప్పగలిగినందుకు ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. ఇంత సుళువైన మాటా?

ఫిజియో అమ్మాయి రెండు తలుపులూ మూసింది. కటింగ్ బల్ల మీది గుడ్డలు పక్కకి జరిపి, ఎడమ పక్కకి తిరిగి పడుకోమంది. కుడి మోకాలు మడిచి, ముందుకి తెచ్చి, కిందకి అదిమింది.

“అమ్మో!”

“రోజూ వచ్చే నొప్పేనా, వేరేదా?”

“అదే. అచ్చంగా అదే.”

వేళ్ళతో సీటు మధ్యలో ఒకచోట నొక్కింది. టైలరమ్మ బల్ల అంచు పట్టుకుని పళ్ళు బిగించింది. తరవాత ఆ అమ్మాయి పాదాలు పైకి లాగించింది, బొటనవేళ్ళతో తన చేతిని తోయించింది, సుద్దముక్కతో అరికాళ్ళు గీసి తెలుస్తోందా అంది. ఒంటేలుకి వెళ్ళడంలో ఏమైనా తేడా ఉందా అని కూడా అడిగింది. ఇవాళ సిగ్గంతా ఒక్కసారే వదిలించుకోవాలని రాసిపెట్టి ఉన్నట్టుంది. తేడా ఏమీ లేదని చెప్పింది.

“సీటు కండ ఉంది కదక్కా, దాని అడుగున ఇంకో చిన్న కండ ఉంటుంది. వెన్ను చివరినుంచి తుంటి ఎముకదాకా అడ్డంగా. కాలిని బయటికి తిప్పేది అదే. కాలికి వెళ్ళే పెద్ద నరం దాని కిందనుంచే దిగుతుంది. ఆ కండ బిగిసిపోతే నరాన్ని నొక్కేస్తుంది. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే... పైజామాకి బొందు దూర్చే మడత మరీ ఇరుకుగా కుట్టారనుకోండి.”

“బొందు పట్టేస్తుంది.”

“తప్పు బొందుదా?”

“మడతది. మడత వదులు చెయ్యాలి. బొందు జోలికి వెళ్ళకూడదు,” అంది టైలరమ్మ బల్లమీంచి లేస్తూ. “ఏమంటారు ఆ కండని?”

“పిరిఫార్మిస్.”

“పిరి...?”

“పిరిఫార్మిస్.”

టైలరమ్మకి నొప్పిలోనూ నవ్వొచ్చింది. “పేరులోనే ఉందే అసలు సంగతి! ఆ పేరు పెట్టినవాడికి మా ఇంట్లోవాళ్ళంత సిగ్గు లేనట్టుంది.”

“అయ్యో, అది లాటిన్ మాటక్కా. బేరిపండు ఆకారంలో ఉంటుందని అలా పెట్టారు.”

“పండో కాయో, చోటు మాత్రం సరిగ్గా చెప్పాడు.”

ఫిజియో అమ్మాయి మిషన్ దగ్గరికెళ్ళి స్టూలు పరీక్షగా చూసింది. కుడి అంచు నున్నగా అరిగి, ఒక పక్కకి వాలి ఉంది. పెడల్ ఎక్కడుంటుందని అడిగితే టైలరమ్మ చూపించింది. బాగా కుడికి, మిషన్ కాలికి అవతల. కాలు బయటికి తిప్పి, సగం స్టూలు మీద కూర్చుని, రోజుకి పదకొండు గంటలు తొక్కింది దాన్ని. ఎవరి ప్యాంటు ఎక్కడ అరిగిందో చూసి వాళ్ళ ఉద్యోగమేంటో చెప్పగలదు టైలరమ్మ. తన పైజామాలన్నీ కుడివైపే ముందు పలచబడతాయని తెలిసి కూడా, మాసిక వేసుకుని ఊరుకుంది.

“అయితే ఆపరేషన్ అక్కర్లేదంటావా?”

“ఆ మాట నేను అనలేనక్కా,” అంది ఆ అమ్మాయి ఖచ్చితంగా. “డిస్కు వల్ల కూడా ఇలాంటి నొప్పే రావచ్చు. రెండూ కలిసే ఉండొచ్చు. కానీ ఏ నొప్పీ లేనివాళ్ళకి స్కాన్ తీసినా చాలామందికి డిస్కు ఎంతోకొంత ఉబ్బే ఉంటుంది. అది చూడగానే నేరం దానిదే అనుకోకూడదు. కొయ్యాలో వద్దో చెప్పాల్సింది ఆ డాక్టరే. కాకపోతే మీ నొప్పెక్కడో ఆయనకి తెలియాలి కదా? ఇంతవరకూ ఆయనకి తెలియదు.”

కాలి మీద కాలు వేసుకుని పడుకుని మోకాలు గుండెలవైపు లాక్కోవడం నేర్పింది. ముప్పై లెక్కపెట్టి వదలాలి, రోజుకి మూడుసార్లు. ఇరవై నిమిషాలకోసారి లేవాలి. స్టూలు మార్చాలి, పెడల్ ఎదురుగా పెట్టుకోవాలి.

“దీంతో తగ్గకపోతే ఆ కండలోకి ఇంజెక్షన్ ఇస్తారు. కానీ రేపటికల్లా తగ్గిపోతుందని మాత్రం అనుకోవద్దు. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.”

“సంబంధం లేని నడుంతో ఆరు నెలలు పట్టాను. దీంతో పట్టలేనా?”

ఆ అమ్మాయి వెళ్ళాక టైలరమ్మ బల్ల మీదే పడుకుని మోకాలు లాక్కుంది. ముప్పై లెక్కపెడదామనుకుంది. పన్నెండు దగ్గర లెక్క తప్పింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నామన్న మంట ఆమెని లెక్కపెట్టనివ్వలేదు.

*

సాయంత్రం ఆరింటికి వదిన వచ్చేసరికి భర్త కూడా ఇల్లు చేరాడు. టైలరమ్మ ముగ్గురి ముందూ నిలబడి, ఫిజియో అమ్మాయి చెప్పిందంతా చెప్పింది. ఒక్కటే మాట దగ్గర గొంతు తగ్గింది.

“ఎక్కడంటోంది?” అన్నాడు మామగారు.

భర్త నేలవైపు చూశాడు. వదిన సంచి జిప్పు సర్దుకుంది. ఎవరూ చెప్పేలా లేరు.

“పిర్రలో మామయ్యా!” అని అరిచింది టైలరమ్మ. “పిర్రలో నొప్పి! నడుంలో కాదు!”

వీధిలో వెళ్తున్న సైకిలు ఒకటి ఆగి, మళ్ళీ కదిలింది.

“ఓస్, పిర్రేనా?” అన్నాడు మామగారు నింపాదిగా. “నాకూ వచ్చేదిగా, ఆ డ్రమ్ము స్టూలు మీద గంటలు గంటలు కూర్చుని. మీ అత్తయ్య మోకాలితో తొక్కేది. మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?”

ఆరు నెలలు ఎవరి చెవిన పడకూడదని మాట మింగిందో ఆ మనిషి అంత తేలిగ్గా అనేసరికి, టైలరమ్మకి నవ్వాలో గోడకేసి తల కొట్టుకోవాలో తెలియలేదు.

వదినకి మాత్రం తేలిగ్గా లేదు.

“డాక్టరు దగ్గరా లాయరు దగ్గరా దాచకూడదంటారు. నువ్వు నర్సుని ఇంట్లో పెట్టుకుని దాచావు. ఇప్పుడు పెద్ద డాక్టరుకి ఏమని చెప్పను? ప్యాంటు కుట్టించుకోడానికొచ్చిన అమ్మాయి బల్లమీద పడుకోబెట్టి కనిపెట్టిందని చెప్పనా? ఆపరేషన్ థియేటర్లో రేపటినుంచి నా మొహం ఎవరికి చూపించను?”

“నాది తప్పే వదినా. కాదనను.”

“నాకు ఒక్కదానికి చెవిలో చెప్పినా సరిపోయేది కదే! రోజూ ఎంతమందివి కడుగుతాం, ఎంతమందివి తుడుస్తాం. నా దగ్గర నీకు సిగ్గేంటి?”

టైలరమ్మ భర్తవైపు చూసింది. చెప్తాడేమోనని చూసింది. అక్క ముందు ఆ మాట బాగుండదన్నది నేనే అక్కా, అంటాడేమోనని చూసింది. అతను గోడమీద క్యాలెండర్ చూస్తున్నాడు.

“అయిందేదో అయింది,” అన్నాడు చివరికి. “డిస్కు ఉబ్బిందన్నది అబద్ధం కాదుగా. దొరక్క దొరక్క దొరికిన డేటు. ఆపరేషన్ అయిపోతే అదే తగ్గుతుంది.”

“తగ్గకపోతే?” అంది టైలరమ్మ.

“తగ్గుతుందిలే.”

“తగ్గకపోతే అండీ? వీపున కుట్టుతో, సీట్లో నొప్పితో ఏ స్టూలు మీద కూర్చోను? ముప్పై ఏళ్ళ చేతిపని. మీరు వైరు తీసి దాచుకున్నంత తేలిక కాదది.”

వదిన మాత్రం మెత్తబడలేదు.

“సరే, నడుం అన్నది నోటిమాట. కంగారులో వచ్చిందనుకుందాం. కానీ కాగితం మీద కూడా నడుమే పెట్టావు కదా?”

“ఏ కాగితం?”

వదిన సంచిలోంచి ఫైలు తీసి తిప్పింది. ఒక ఫారం. మధ్యలో మనిషి బొమ్మ రెండుసార్లు, ముందునుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి. బట్టల్లేని గీతల బొమ్మ. పైన ‘నొప్పి ఉన్న చోట గుర్తు పెట్టండి’ అని ఉంది. వెనక బొమ్మ నడుం మీద నీలం సిరాతో ఇంటూ గుర్తు, రెండోసారి దిద్ది మరీ గట్టిగా పెట్టి ఉంది. కింద టైలరమ్మ సంతకం.

“పెద్ద డాక్టరు పేషెంటు లోపలికి రాకముందే ఇది చూస్తాడు. ఇది చూసే నీ నడుముకి స్కాన్ రాశాడు. నువ్వు కిందకి అన్నా పాకిందనుకున్నాడు.”

టైలరమ్మ ఫారం చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది.

“సంతకం నాదే వదినా. కాగితాల కట్ట ఇచ్చి ఇక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు అంటే పెట్టుకుంటూ పోయాను. ఈ బొమ్మ నేనెప్పుడూ చూడలేదు.”

“మరి ఈ గుర్తెవరు పెట్టారు?”

భర్త మళ్ళీ క్యాలెండర్ వైపు తిరిగాడు. మామగారు కూడా ఏమంటున్నారని అడగలేదు.

“నువ్వేనారా?” అంది వదిన.

“నువ్వు పక్కనే కూర్చున్నావక్కా,” అన్నాడు భర్త. “ఆ బొమ్మ చూశావుగా ఎలా ఉందో. దానిమీద అక్కడెలా పెట్టను?”

బొమ్మకి కూడా సిగ్గుపడ్డాడు. టైలరమ్మకి ముందు ఆ ఆలోచన వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. తను మాట మింగింది, అది తన చేతకానితనం. కానీ అతను తెలిసి తెలిసి తప్పు చోట గుర్తు పెట్టాడు. పెట్టి, దిద్దాడు. ఆ గుర్తు మీదే ఎల్లుండి కత్తి దిగబోతోంది. ఇన్నాళ్ళూ పొద్దున్నే లేచి తన నడుముకి బెల్టు బిగించింది కూడా అతనే.

వదిన ఫైలు వెనకనుంచి ఖాళీ ఫారం ఒకటి లాగి బల్లమీద పెట్టింది. గొంతులో ఇందాకటి హెడ్ నర్సు లేదు.

“రేపు ఉదయం ఆయన రౌండ్స్‌కి వస్తాడు. ఇది చేతికిచ్చి మళ్ళీ పరీక్ష చెయ్యమని అడుగుతాను. తిడితే పడతాను. ఆపుతాడో, కానిస్తాడో ఆయన చెప్పాలి. పెట్టమ్మా గుర్తు.”

టైలరమ్మ పెన్ను తీసుకుంది. ఫారాన్ని భర్తవైపు జరిపి, పెన్ను అతని చేతికిచ్చింది.

“నేను పెట్టను. మొదటి వారమే చెయ్యి వేసి చూపించాను. ఎక్కడో మీకు తెలుసు. మీరే పెట్టండి. వదిన ముందే పెట్టండి.”

“ఇప్పుడీ పంతాలేంటి? నువ్వే పెట్టెయ్యరాదూ?”

“పెట్టరా,” అన్నాడు మామగారు.

అతను పెన్ను మూత తీశాడు. మొన బొమ్మ దగ్గరికి రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లూ కాగితం తాకకుండానే వెనక్కి వచ్చింది. పెన్ను అక్క ముందు పెట్టి లేచాడు.

“నువ్వే పెట్టెయ్యక్కా.”

“నీ పెళ్ళానికి నొప్పెక్కడో నేను పెట్టాలిరా?”

టైలరమ్మ ఇక కూర్చోలేకా, నిలబడలేకా ఊగిపోయింది. “రేపటిదాకా ఎందుకు వదినా? ఇప్పుడే ఫోన్ కలపండి. నేనే మాట్లాడతాను.”

“నీకు కంగారు. నేను మాట్లాడతాలే,” అన్నాడు భర్త గుమ్మం దగ్గర ఆగి. “పోనీ పక్కన నేనుంటాను...”

“ఆరు నెలలుగా పక్కన మీరే ఉన్నారండీ.”

వదిన అప్పటికే నంబరు నొక్కింది. నాలుగు రింగుల తరవాత పెద్ద డాక్టరు గొంతు, స్పీకర్లో, గదంతా వినపడింది. వదిన తడబడుతూ, ఫారం మీద గుర్తు పెట్టింది తమ్ముడని సగం చెప్పేలోపే ఆయన విసుగ్గా అడ్డం వచ్చాడు.

“సోమవారం మొదటి కేసేగా? ఇప్పుడీ అనుమానాలేంటి సిస్టర్? ఆవిడకి కంగారుగా ఉండి ఉంటుంది. ఫారం నింపిందీ, మొదటినుంచీ ఎక్కువ మాట్లాడిందీ ఆవిడ భర్త కదా. ఫోన్ ఆయనకివ్వండి.”

వదిన ఫోన్ పట్టుకుని ఆ భార్యాభర్తలిద్దరి మధ్యా నిలబడింది.